ఒక మనిషికి ఒక్కటే ఫోన్

మంగళవారం పొద్దున తాహెరాబీ పొయ్యి మీద చాయ్ పెట్టి, ఆ రోజు చేయాల్సిన పనులు మనసులో గట్టిగా అనుకుంది. రెండు జాకెట్లు కుట్టి ఇవ్వాలి. ఉల్లిగడ్డలు తేవాలి. సిరిసిల్లలో ఉన్న కూతురు కౌసర్‌కు సాయంత్రం డ్యూటీ దిగాక ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఫోన్ చేయాలి. అప్పటిదాకా మనసు ఎంత కొట్టుకున్నా సరే, ఊరుకోవాలి. జాకెట్లూ ఉల్లిగడ్డలూ ఆమెకు పెద్ద పని కాదు.

కోరుట్లలో ఆ గల్లీవాళ్ళకు తాహెరాబీ కుట్టుపని కంటే ఆమె రంది, అదే దిగులు, ఎక్కువ పరిచయం. భర్త గులాం మొహియుద్దీన్ మిక్సీలు బాగుచేసే దుకాణం మూసి కాస్త ఆలస్యంగా వస్తే ఆమె గల్లీ మొదట్లో నిలబడి ఉంటుంది. వాన పడితే రంది, పడకపోతే రంది. కౌసర్‌కు సిరిసిల్లలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని దొరికి, అక్కడే హాస్టల్లో చేరాక ఆ రందికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. ఫ్యాక్టరీలో పనివాళ్ళ ఫోన్లు లాకర్లో పెట్టించుకుంటారు కాబట్టి ఆమె నేరుగా ఆఫీసుకే చేసేది. "మా బిడ్డ తిన్నదా సార్?" అని ఒకసారి, "సూది ఏలుకు గుచ్చుకోలే గదా సార్?" అని ఇంకోసారి.

చివరికి మేనేజర్ ప్రభాకర్ కౌసర్‌ను పిలిచాడు. "ఇంకొక్కసారి మీవోళ్ళు ఆఫీసుకు ఫోన్ చేసిండ్రంటే, నువ్వు ఇంటికాన్నే ఉండి మాట్లాడుకో బిడ్డా" అన్నాడు. కౌసర్ ఆ వారం ఇంటికి వచ్చి తల్లి ముందు కూర్చుని ఏడ్చింది.

"అమ్మీ, నాకు గీ పని కావాలె. నాకేమన్న అయితదని నువ్వు భయపడ్తవ్. నీ భయంతోటే నాకు అయ్యేటట్టున్నది."

ఆ మాట తాహెరాబీ గుండెలో దిగబడిపోయింది. ఆ గురువారమే బస్సెక్కి జగిత్యాల వెళ్ళింది. అక్కడ రజని మేడం అనే ఆమె, ఊరికే రంది పెట్టుకునే వాళ్ళను గుండ్రంగా కుర్చీలేసి కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. మందూ లేదు, మాకూ లేదు. "రేపు ఏమైతదో మనకు తెల్వదు. తెల్వకున్నా బతకొచ్చు. గది అలవాటు చేసుకునుడే మన పని" అంటుంది మేడం. మనసు ఆగమైనప్పుడు "ఏమో, చూద్దాం" అనుకోమంటుంది. వినడానికి తేలికే. తాహెరాబీ ఆ రెండు మాటలు అనేలోపు ఆమె చేయి ఫోన్ మీదికి పోయేది.

గుంపులో ఆమె కాక ఇంకో ముగ్గురు. జగిత్యాలలోనే ఉండే ఆనందం, విద్యుత్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఇంటికి తాళం వేసి, మూల తిరిగి, వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తే తప్ప ఆయనకు కాలు సాగదు. మెట్‌పల్లి దగ్గర పసుపు పండించే గంగారాం. పసుపు ఈరోజు ఉడకబెట్టాలా రేపా అని ఊరందరినీ అడిగి, అందరూ తలోమాట చెప్పాక తల పట్టుకుని కూర్చుంటాడు. మూడో మనిషి జలపతి, కోరుట్లలోనే లుంగీలు, తువ్వాళ్ళు అమ్మే సేటు. ఎప్పుడు ఎవరికి ఏమవుతుందోనని ఫోన్ చెవి నుంచి దించడు.

పోయిన గురువారం మేడం ఒక్కొక్కరికీ ఇంట్లో చేయాల్సిన పని ఇచ్చింది. తాహెరాబీకి: ఒక సంగతి గురించి ఒక మనిషికి ఒక్కటే ఫోన్, ఎత్తినా ఎత్తకపోయినా అంతే. ఆనందానికి: ఇల్లు దాటాక వెనక్కి తిరగకూడదు. గంగారాంకు: ఎవరినీ అడగకుండా సొంతంగా నిర్ణయం తీసుకోవాలి. ఆఖర్న జలపతి వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే తాహెరాబీ, రేపటి నుంచి కట్టడి కదా అని, అన్నం విరామంలో ఉన్న కౌసర్‌కు చివరిసారి ఫోన్ చేయడానికి మెట్ల మీదికి వెళ్ళింది. ఆనందం స్కూటర్ తాళం చూసుకోవడానికి కిందికి దిగాడు. ఈ హోంవర్క్ ఒప్పుకోవాలా వద్దా అని అడగడానికి గంగారాం ఆయన వెంట పోయాడు. ముగ్గురూ తిరిగొచ్చేసరికి జలపతి చెప్పులు వేసుకుంటున్నాడు. మేడం అతనికి ఏం చెప్పిందో వీళ్ళెవరికీ తెలియదు.

చాయ్ పొంగింది. తాహెరాబీ పొయ్యి కట్టేసి ఫోన్ చూసింది. వాట్సాప్ గుంపులో రోజూ తెల్లారకముందే జలపతి "అందరు బాగేనా" అని పెట్టేవాడు. వాన వచ్చినా, జ్వరం వచ్చినా అది ఆగలేదు. ఈరోజు లేదు.

"ఏమో, చూద్దాం" అనుకుంది తాహెరాబీ. చాయ్ తాగేదాకా చూసింది కూడా. తర్వాత జలపతికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆమెకున్న ఒక్క ఫోన్ అయిపోయింది.

గులాం మొహియుద్దీన్ రొట్టె తింటూ ఆమె మొహం చూశాడు. ఆ ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే. పోట్లాట వస్తే మాత్రం ఇరుగుపొరుగుకు కూడా అర్థం కావాలన్నట్టు ఇద్దరూ తెలుగులోకి దిగుతారు.

"జలపతి సేటు ఫోన్ ఎత్తుతలేడు, కౌసర్ అబ్బా."

"తానం చేస్తున్నడేమో."

"ఏమన్న అయ్యుంటే?"

"నేను పోయి మిక్సీలు చేసుకుంట. మిక్సీకి ఏమైతదో నాకు తెలుసు" అని ఆయన టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

రజని మేడం ఒక మనిషికి ఒక్కటే ఫోన్ అంది కానీ, ఎంతమందికి చేయాలో చెప్పలేదు. ఈ సంగతి తట్టగానే తాహెరాబీకి ప్రాణం లేచొచ్చింది. ఆనందానికి చేసింది. గంగారాంకు చేసింది. జలపతికి పాలు పోసే ఆమెకు, ఆయన దుకాణానికి కరెంటు బాగుచేసిన మనిషికి, ఆయన కొడుకు పెళ్ళిలో టెంటు వేసిన వాళ్ళకు, ఒక్కొక్కరికి ఒక్కొక్కసారి, ఎంతో నియమంగా చేసింది. జలపతి భార్య లత కొడిమ్యాలలో తల్లిగారింటికి పోయి ఉంది. ఆమెను మాత్రం అనవసరంగా బెదరగొట్టకూడదని పెద్దమనసుతో వదిలేసింది.

తర్వాత చెప్పులేసుకుని జలపతి దుకాణానికి నడిచింది. షట్టరు దించి ఉంది. అప్పటికే పాలామె, కరెంటు మనిషి, టెంటువాళ్ళ తరఫున ఒకరు వచ్చి నిలబడ్డారు. వాళ్ళను చూసి దారిన పోయేవాళ్ళు ఆగారు. కరెంటు మనిషి తన ఫోన్‌తో జలపతికి చేశాడు. షట్టరు లోపల నుంచి ఫోన్ మోగింది.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సేటు లోపట పడిపోయిండు" అన్నారెవరో. గడ్డపార కోసం ఒకతను పరిగెత్తాడు.

గడ్డపార వచ్చేలోపు పక్కన హోటలు నడిపే మల్లేశం గరిటె పట్టుకుని బయటికి వచ్చాడు. "ఏంది గీ లొల్లి? సేటు పొద్దుగాల్నే సిరిసిల్ల బస్సెక్కిండు. తువ్వాళ్ళ మాలు తెస్తనన్నడు. ఫోన్ కావాల్నని లోపట పెట్టి తాళమేసిండు."

"కావాల్నని పెట్టిండా?"

"నవ్వుకుంట పెట్టిండు."

ఆ నవ్వు మాటే తాహెరాబీకి నచ్చలేదు. జలపతి నవ్వగా ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా బతికే ఉన్నాడు కదా అని కొంత కుదుటపడింది. ఈ సంగతి ఇప్పుడు అందరికీ చెప్పాలి. చెబుదామని ఫోన్ తీసి, అలాగే నిలబడిపోయింది. అందరికీ ఒక్కటే ఫోన్ అయిపోయింది. అబద్ధం చెప్పడానికి వాడుకున్న ఫోన్లు నిజం చెప్పడానికి మిగల్లేదు.

అప్పుడే ఆనందం జగిత్యాల బస్సు దిగి చెమటలు కక్కుతూ వచ్చాడు. "నీ ఫోన్ రాంగనే ఎల్లిన చెల్లె. గ్యాస్ బంద్ చేసిన్నో లేదో యాదికి లేదు. వెనకకు తిరుగొద్దన్నది గదా మేడం, తిరుగలే" అన్నాడు.

ఆమె జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. గంగారాం. గొంతులో ఎప్పుడూ లేని గట్టితనం ఉంది.

"అక్కా, నేను ఎవ్వల్నీ అడుగలే. నేనే నిర్ణయం తీసుకున్న."

"ఏం తీసుకున్నవ్ తమ్మీ?"

"సేటు మాలు తెచ్చేది సిరిసిల్లకెల్లే గదా. ఆడ మనకెవ్వలున్నరు, మన కౌసర్ ఉన్నది. నువ్వు అవసరానికి ఉంటదని మా అందరికి ఇయ్యలేదా, ఫ్యాక్టరీ ఆఫీసు నంబరు? దానికి చేసిన. తాహెరక్క తరఫున మాట్లాడుతున్న, బిడ్డను గాబరా పడొద్దని చెప్పుండ్రి, ఇంకా ఏం తెల్వలే, అని చెప్పి పెట్టేసిన. సేటు సంగతి చెప్దామనుకునేలోపు మేనేజర్ సార్ గరమైండు."

ఎన్ని రోజులుగా పళ్ళు బిగబట్టి ఆ ఆఫీసుకు ఫోన్ చేయకుండా ఉందో తాహెరాబీకే తెలుసు. తన పేరు చెప్పి గంగారాం ఒక్క నిమిషంలో చేసేశాడు. కౌసర్ పని పోయిందనే అనుకుంది. ఆఫీసుకు ఫోన్ చేసి సర్దిచెబుదామంటే అదే అసలు తప్పు. కౌసర్ ఫోన్ లాకర్లో ఉంటుంది.

"నేను సిరిసిల్ల పోత" అంది. "ఆ సార్ కాళ్ళు పట్టుకుంట."

"ఆడనే ఉండు అక్కా, కారు మాట్లాడుకొని ఒస్తున్న. గీ నిర్ణయం కూడా నాదే" అన్నాడు గంగారాం.

కారులో ముగ్గురూ కూర్చున్నారు. దారి పొడుగునా గంగారాం ఏ మలుపులో ఎటు తిరగాలో డ్రైవర్‌కు సొంతంగా చెబుతూ రెండుసార్లు వేరే ఊరికి తీసుకెళ్ళాడు. ఆనందం కళ్ళు మూసుకుని గ్యాస్ పొయ్యిని మనసులోనే ఆర్పుతున్నాడు. తాహెరాబీ కిటికీ అవతలికి చూస్తూ, మేనేజర్‌తో ఏం మాట్లాడాలో అనుకుంది. నా బిడ్డది తప్పు లేదు సార్. నా తలకాయే మంచిగ లేదు సార్. ఆ మాటతో బిడ్డ పని నిలబడుతుందంటే వందసార్లు అనడానికి ఆమెకు సిగ్గు లేదు.

ఫ్యాక్టరీ గేటు ముందు చాయ్ బండి దగ్గర ఒక మనిషి కట్టెబల్ల మీద కాళ్ళు చాపుకుని మిర్చిబజ్జీ తింటున్నాడు. పక్కన, ఆ వీధిలోని మగ్గాల షెడ్డులో కొన్న తువ్వాళ్ళ మూట. జలపతి.

"మీరందరు గిక్కడేంది?" అని ఎప్పుడూ లేనంత ప్రశాంతంగా పలకరించి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. "వద్దు, చెప్పకుండ్రి. ఇయ్యాల పొద్దూకేదాక ఫోన్ ముట్టద్దు, ఎవ్వల్నీ ఏమైందని అడుగొద్దు. గది నా హోంవర్క్."

ఆనందం చాయ్ బండిని పట్టుకుని నిలబడ్డాడు. తాహెరాబీకి జలపతిని కొట్టాలో, ఆయన బాగున్నందుకు అల్లాకు దండం పెట్టాలో తెలియలేదు. ఏదీ చేయకుండా గేటు వైపు అడుగువేసింది.

"లోపటికి పోతున్నవా తాహెరక్కా? కౌసర్ లేదు గదా. కోరుట్ల బస్సెక్కింది" అన్నాడు జలపతి మిర్చి కొరుకుతూ. "బస్టాండుల కలిసింది. మస్తు ఏడుస్తున్నది. నేనే సీటు సూపిచ్చి కూసోబెట్టిన."

"ఎందుకేడుస్తున్నదో అడుగలేదా సేటు?"

"మస్తు అడగబుద్ధైంది అక్కా. ఆపుకున్న" అన్నాడు జలపతి గర్వంగా.

మేనేజర్ ప్రభాకర్ బయటికి వచ్చాడు. తాహెరాబీ కొంగు నెత్తి మీదికి లాక్కుని చేతులు జోడించబోతే, ఆయన మాట్లాడనివ్వలేదు.

"ఎవ్వలో గంగారామట, గాబరా పడొద్దని చెప్పి ఫోన్ పెట్టేసిండు. గట్ల చెప్తె ఎవ్వలు గాబరా పడరమ్మా? మీ బిడ్డ ఆఫీసు ఫోన్‌తోని నీకు చేసింది. బిజీ. మల్ల చేసింది. బిజీ. వాళ్ళ నాయినకు చేసింది, ఎత్తలే. అమ్మకేదో అయిందని ఏడ్చుకుంట ఉరికింది. లాకర్ తాళం ఉన్న సూపర్‌వైజర్ చాయ్‌కి పోయిండు, ఫోన్ కూడా తీసుకపోలే."

తాను ఫోన్ మీద ఫోన్ చేసిన ఆ గంటంతా తాహెరాబీ కళ్ళముందు తిరిగింది. పాలామెతో, టెంటువాళ్ళతో మాట్లాడుతున్నప్పుడు అవతల తన బిడ్డ తన కోసం మోగిస్తూ ఉంది.

"ఆమె పని కాలర్ కుట్టుడు" అన్నాడు ప్రభాకర్. "కాలర్ కాకపోతే ఎనకున్న పిల్లలందరు ఖాళీ. బడిపిల్లల బట్టలు రేపు పోవాలె. నేను ఇంకొక పిల్లను పెట్టుకోక తప్పదు. నామీద కోపం పెట్టుకోకుండ్రి."

గంగారాం ముందుకు వచ్చాడు. "కారు తిప్పుదాం. కోరుట్ల పోయి బిడ్డను పట్టుకొద్దాం." అంటూనే ఆగిపోయి ఆనందం వైపు తిరిగాడు. "పోదామంటవా సార్?"

ఇప్పుడు వెళితే, ఈలోపు కౌసర్ ఇంటికి తాళం చూసి, తల్లి సిరిసిల్ల పోయిందని తెలుసుకుని, మళ్ళీ ఇటే బస్సెక్కుతుంది. దారిలో మళ్ళీ ఒకరినొకరు దాటిపోతారు. బిడ్డను ఆపమని చెబుదామంటే మిక్సీల మోతలో గులాం మొహియుద్దీన్‌కు ఫోన్ వినపడదు. తల్లీబిడ్డల్లో ఎవరో ఒకరు కదలకుండా ఉండాలి. కౌసర్ చేరిందో లేదో, ఎక్కడుందో, ఏడుస్తోందో, ఏదీ తెలియకుండా ఉండాలి. తాహెరాబీకి ఇది అర్థమైంది.

"నేను కదల" అంది. తర్వాత ప్రభాకర్ వైపు తిరిగింది. "సార్, నేను కూడా మిషన్ కుడ్త. ఇరవై ఏండ్లాయె. మా బిడ్డ ఒచ్చేదాక ఆమె సీట్ల నన్ను కూసోబెట్టుండ్రి."

ప్రభాకర్ ఆమెను చూసి, లోపల ఆగిన కుట్టు లైనును తలుచుకుని నెత్తి గోక్కున్నాడు. "ఫోన్ లాకర్ల పెట్టాలె మరి."

తాహెరాబీ ఫోన్ తీసి చాచింది. సూపర్‌వైజర్ లాగితే కానీ అది ఆమె వేళ్ళ నుంచి రాలేదు. లాకర్ మూసిన చప్పుడుకు ఆమెకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని వెళ్ళి కూతురు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. ఇంట్లో కాలితో తొక్కే మిషన్ వేరు, ఇది వేరు. కాలు ఆనించగానే ఉరికింది. మొదటి రెండు కాలర్లు వంకరపోయాయి. పక్క పిల్ల విప్పి ఇచ్చింది. బిడ్డ బస్సులో ఉందో, బస్సు ఎక్కడుందో. ఏమో, చూద్దాం. మూడోది కొంచెం నయం. వెనక పిల్ల "జల్ది అమ్మా" అంది. కాలర్ తర్వాత కాలర్ వస్తూనే ఉంది. రంది పడదామంటే బట్ట అటు జరుగుతోంది. కాసేపటికి తాహెరాబీ బట్టనే చూసుకుంది.

పొద్దు వాలుతుండగా కౌసర్ ఊడిన జడతో, ఉబ్బిన కళ్ళతో లోపలికి వచ్చింది. తన సీట్లో తల్లిని చూసి నిలబడిపోయింది. తర్వాత మీద పడినంత పని చేసింది.

"యాడికి పోయినవ్ అమ్మీ? అబ్బా ఫోన్‌కెల్లి చేసిన, మల్లొచ్చేటప్పుడు కండక్టర్ ఫోన్‌కెల్లి చేసిన, బస్సుల పక్కామె ఫోన్‌కెల్లి చేసిన. ఎన్నిసార్లని చెయ్యాలె? ఒక్కసారి ఎత్తితే ఏం పోతుండె నీకు? నాకేమైతదో నీకు తెల్వదా?"

ఆ మాటలు తాహెరాబీకి కొత్త కాదు. ఒక్క ముక్క తేడా లేకుండా ఆమెవే. అవతలి చెవికి అవి ఎలా ఉంటాయో మాత్రం ఈరోజే తెలిసింది. బరువుగా ఉన్నాయి. తియ్యగా కూడా ఉన్నాయి. కూతురిని దగ్గరికి లాక్కుంది.

"ఫోన్ లాకర్ల ఉన్నది బిడ్డా. నాకు... జరసేపు యాదికి రాలే."

"యాదికి రాలేదా?" కౌసర్ నమ్మలేనట్టు చూసింది. గొంతు తగ్గింది. "నువ్వు ఆఫీసుకు చేసుడు బంద్ చేసినకాంచి నాకు పని మీద మనసు పడ్తలేదు అమ్మీ. ఆ ఫోన్ మోగుతే తిట్టుకునేదాన్ని. మోగకపోతే, అమ్మీకి ఏమైందోనని దాని దిక్కే సూస్తున్న."

తాహెరాబీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పని సంగతేమో కానీ బిడ్డకు రంది బాగా నేర్పాను అనుకుంది. ఆ క్షణంలో కౌసర్ మీద ఆమెకు కలిగిన జాలి, ఇన్నేళ్ళలో తన మీద తనకు ఎన్నడూ కలగలేదు.

ప్రభాకర్ కుట్టిన కాలర్ల కుప్ప తిరగేసి చూశాడు. "కొన్ని ఇప్పి మల్ల కుట్టాలె. అయినా లైను ఆగలే" అన్నాడు. తర్వాత కౌసర్‌తో, "రేపు టైముకు రా. మీ అమ్మకు ఒక మాట చెప్పు. రోజూ పదింటికి ఆఫీసుకు ఒక్క ఫోన్ చెయ్యమను. అంతకన్న ఒక్కటి ఎక్కువైతే ఒప్పుకోను, తక్కువైనా ఒప్పుకోను" అన్నాడు.

గేటు బయట ముగ్గురూ వరుసగా బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఆనందం ఇంటి పక్కవాళ్ళకు ఫోన్ చేసి గ్యాస్ ఆపి ఉందో లేదో తెలుసుకోవాలా వద్దా అని సతమతమై, చివరికి తెలుసుకోకుండానే రెండో చాయ్ చెప్పాడు. గంగారాం ఆ చాయ్ తాగాలా వద్దా అని ఎవరినీ అడగలేదు.

ఆ వచ్చే గురువారం జగిత్యాలలో కుర్చీలన్నీ నిండాయి, తాహెరాబీది తప్ప. ఫోన్ మీద కట్టడి కదా అని ఎవరూ ఆమెకు ఫోన్ చేయలేదు; రజని మేడంతో సహా అందరూ కారెక్కి నేరుగా కోరుట్లకే పోయి, ఎన్నో ఏళ్ళ తర్వాత పట్టపగలు కమ్మగా నిద్రపట్టిన తాహెరాబీని తలుపులు బాది లేపి, బాగేనా అని అడిగి, నిశ్చింతగా తిరిగొచ్చారు.